అమ్మను అడిగి చెబుతాను

ప్రశ్న: మన సీమ చరిత్ర మీద మీరు జవాబులు రాసే ఈ శీర్షికలో, తెలియనిది వచ్చినప్పుడల్లా 'అమ్మను అడిగి చెబుతాను' అనేవారు. రెండు నెలలుగా ఆ మాట కనిపించడం లేదు. అమ్మగారు కులాసాగా ఉన్నారా?
— ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మ లేదండీ. శ్రావణంలో పోయింది. ఎనభై రెండో ఏడు నడుస్తోంది. పెద్ద జబ్బేమీ కాదు. నాలుగు రోజుల జ్వరం, ఐదో రోజు తెల్లవారుజామున అయిపోయింది. ఈ రెండు నెలలూ పుస్తకాలు తిరగేసి నేనే ఏదో రాసి పంపాను. ఎవరూ గమనించరులే అనుకున్నాను. మీ కార్డు చూశాక దాచి లాభం లేదనిపించింది.

జ్వరంలో కూడా అమ్మ అమ్మలాగే ఉంది. మూడో రోజు సాయంత్రం పక్కన కూర్చుని ఏదో పాత రికార్డు సంగతి చదివి వినిపిస్తూ, అందులో ఉన్నట్టే 'సిద్ధౌట్' అనేశాను. కళ్ళు తెరవలేదు కానీ చెయ్యి పైకెత్తింది. "సిద్ధవటం. దొరలకు నోరు తిరగలేదు, సరే. నీకేమైంది?" అంది. నాలో అమ్మ దిద్దిన ఆఖరి తప్పు అదే.

ఇన్నేళ్ళలో ఆమె గురించి చాలామంది అడిగారు. జవాబు రాయబోతే వద్దనేది. "నా సంగతి ఎవరికి కావాలి పాపా, కోట సంగతి రాయి" అని ఆ ఉత్తరాలన్నీ గుడ్డసంచిలో పెట్టించింది. ఆ సంచి ఇప్పుడు విప్పాను. కొత్తగా వచ్చినవి రెండు మూడు కలిపి ఈ నెలకు ఇవే.

ప్రశ్న: మీ అమ్మగారు చరిత్ర ఉపాధ్యాయురాలా? ఎంతవరకు చదువుకున్నారు?
— జమ్మలమడుగు నుంచి ఒకరు

జవాబు: ఎనిమిదో తరగతి. ముద్దనూరు దగ్గర పల్లె. పెళ్ళయి కడపకు వచ్చింది. నాయన ఆర్టీసీలో కండక్టరు.

అమ్మ చరిత్రలోకి ఇంటి పన్ను రసీదు దారిలో వచ్చింది. నవ్వకండి. రసీదులో గ్రంథాలయ పన్ను అని ఒక పద్దు కనిపిస్తే ఇదేమిటని నాయనను అడిగింది. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయాలకు వసూలు చేస్తారని ఆయన కనుక్కుని వచ్చి చెప్పాడు. "అయితే అక్కడి పుస్తకాల్లో మనవీ ఉన్నాయన్నమాట" అని మర్నాడే వంట ముగించుకుని శాఖా గ్రంథాలయానికి బయలుదేరింది. డబ్బు కట్టిన వస్తువు ఇంటికి తెచ్చుకోవాలనే లెక్కే తప్ప, తనకు చదువు మీద ప్రేమ పుట్టుకొచ్చి వెళ్ళలేదని తానే చెప్పేది. కొన్నాళ్ళు నవలలు. ఒకరోజు ఆమె అడిగిన నవల ఎవరో తీసుకుపోయారు. లైబ్రేరియన్ ఊరికే పంపడం ఇష్టంలేక జిల్లా చరిత్ర పుస్తకం ఒకటి చేతిలో పెట్టాడు. అందులో వాళ్ళ పల్లె పక్కనున్న ఊరి పేరు ఉంది. ఆ ఊరి చెరువు కట్ట మీద అమ్మ చిన్నప్పుడు గేదెలు తోలింది. అచ్చులో ఆ పేరు చూసి, ఆ పేజీ నాయనకు చూపించడానికి ఆయన డ్యూటీ దిగేదాకా మేలుకుని కూర్చుందట. ఆ తర్వాత నవలలు తగ్గిపోయాయి.

ఆర్టీసీ వాళ్ళ కుటుంబాలకు ఏడాదికి ఇన్నని ఉచిత పాసులు వచ్చేవి. మా వీధిలో వాటిని పుట్టింటికీ తిరుపతికీ వాడేవారు. మా ఇంట్లో మాత్రం సిద్ధవటానికీ ఒంటిమిట్టకూ తాళ్ళపాకకూ గండికోటకూ అయిపోయేవి. ఎండాకాలం సెలవుల్లో పిల్లలందరూ మామిడితోటలకు వెళితే నేనూ మా తమ్ముడూ బురుజుల కింద కూర్చుని చెనిక్కాయలు ఒలుచుకుంటూ అమ్మ గోడలు చూడటం అయ్యేదాకా కాచుకునేవాళ్ళం. అప్పట్లో నాకు చరిత్ర అంటే కాళ్ళు కాలడమే.

ఆమెకు ఒక అలవాటు. ఎక్కడికి వెళ్ళినా బస్సు టికెట్టు పారేయదు. దాని వెనక తేదీ రాసి, ఇంటికి వచ్చాక ఆ ఊరి ప్రస్తావన ఉన్న పేజీలో పెడుతుంది. పాసు మీద వెళ్ళినప్పుడు టికెట్టు ఉండదు కదా. అందుకని టికెట్టంత చీటీ కత్తిరించి, ఎక్కిన చోటు, దిగిన చోటు తానే రాసి, ఛార్జీ దగ్గర 0-00 అని వేసేది. నాయన డ్యూటీ నుంచి వచ్చాక ఆ చీటీ ఆయన ముందు పెట్టేది. ఆయన ఒక్క మాట మాట్లాడకుండా సంచిలోంచి పంచ్ తీసి టక్కుమని చిల్లు కొట్టి ఇచ్చేవాడు. ఆయన రిటైరయ్యాక పంచ్ లేదు. అప్పటినుంచి అగరొత్తి కొనతో కాల్చి చిల్లు పెట్టేది. వాళ్ళిద్దరి మధ్య ముచ్చట్లు అవీ ఇవీ నేను పెద్దగా చూడలేదు. ఆ టక్కు చప్పుడు మాత్రం గుర్తుంది.

ప్రశ్న: 'కైఫీయతులో ఉంది' అని మీ అమ్మగారి మాటగా చాలాసార్లు రాశారు. కైఫీయతు అంటే ఏమిటి? అందులో ఉన్నదంతా నిజమేనా?
— డిగ్రీ విద్యార్థి, కడప

జవాబు: 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలాలు అన్న పేరు అందుకే వచ్చింది. ఆ రోజుల్లో కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి ఊరూరికీ తన మనుషులను పంపి, ఈ ఊరు ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ గుడికి ఏ మాన్యం, ఏ పాళెగాడు ఎప్పుడు ఏలాడు అని అడిగించి రాయించాడు. ఆయనకు మన భాషలు రావు. కావలి బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య లాంటివాళ్ళు ఆయనకు కళ్ళూ చెవులూ. అట్లా ఊళ్ళ కరణాలు, పెద్దలు చెప్పింది రాసిన కాగితాలే కైఫీయతులు. మన జిల్లావి ఇప్పుడు సంపుటాలుగా అచ్చయి దొరుకుతున్నాయి.

నిజమేనా అంటే, అమ్మ వాటిని చదివిన పద్ధతి చెబుతాను, మీకు పనికొస్తుంది. పేజీ అంచున పెన్సిలుతో మూడు రకాలుగా రాసేది. తాను వెళ్ళి చూసినదైతే 'చూశాను'. ఆ ఊరివాళ్ళ నోట కూడా అదే మాట విన్నదైతే 'విన్నాను'. మూడోది 'కట్టుకథ'. కొండమీద దేవుడు కలలో కనిపించి చోటు చూపించాడనే చోటల్లా ఈ మూడోది ఉంటుంది. ఒకచోట మాత్రం 'కట్టుకథ. కానీ బాగుంది' అని ఉంది.

ఇంకో మాట. కరణం చెప్పిన చరిత్రలో కరణానికి ఎంత మాన్యం రావాలో తప్పకుండా ఉంటుందనేది అమ్మ. "ఎవరు చెబుతున్నారో చూడు, ఎందుకు చెబుతున్నారో చూడు, ఆ తర్వాత చెరువు లోతు కొలువు." మీ ప్రొఫెసర్లు దీన్నే ఆధారాల పరిశీలన అంటారు.

ప్రశ్న: నాలుగేళ్ళ కిందట గండికోట గురించి మీరు రాసిన జవాబులో తప్పు ఉందని నేను ఉత్తరం రాశాను. తర్వాతి సంచికలో సవరణ వచ్చింది. ఆ తప్పు మీదా, అమ్మగారిదా?
— విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మదే. మీకు తెలియని సంగతి, ఆ ఉత్తరం మా ఇంట్లో వారం రోజులు అన్నం సరిగా ముట్టనివ్వలేదు.

మిగతా పాఠకుల కోసం చెప్పాలి. ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే 1652లో గండికోటకు వచ్చాడు. పెమ్మసాని నాయకుల కాలంలో వచ్చాడని అమ్మ చెప్పింది, నేను రాశాను. అప్పటికే కోట గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా చేతిలో ఉంది. వర్తకుడు నగలు చూపించడానికి వచ్చింది ఆయనకే. మీ ఉత్తరం చదివి అమ్మ ముందు ఒప్పుకోలేదు. "ఆయన ఏదో అనువాదం చూసి ఉంటాడు" అంది. తర్వాత గ్రంథాలయానికి వెళ్ళి రెండు పుస్తకాలు తెచ్చుకుని చూసి, సాయంత్రం వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టడం మొదలుపెట్టింది. నాకు అర్థమైపోయింది. మర్నాడు ఎర్ర సిరాతో చీటీ రాసి పేజీకి అంటించింది: 'తప్పు. 1652లో కోట మీర్ జుమ్లాది. ప్రొద్దుటూరాయన చెప్పాడు.' చీటీ ఇప్పటికీ అక్కడే ఉంది. మీ పేరు తెలిసినా ప్రొద్దుటూరాయన అనే అనేది, చివరిదాకా. కాస్త కోపం మిగిలే ఉందనుకుంటాను.

గండికోట అనగానే ఇంకొకటి కూడా చెప్పాలి. దాన్ని భారతదేశపు గ్రాండ్ కాన్యన్ అని టీవీలో అన్నప్పుడల్లా అమ్మ రిమోట్ కోసం వెతికేది. ఎర్రమల కొండలను చీల్చుకుని పెన్న పారిన గండి, దాని మీద కోట, పేరులోనే అంతా ఉంది, అమెరికా పేరు అరువు తెచ్చుకోవడం దేనికని ఆమె బాధ. నాకు అంత పట్టింపు లేదు. ఆ పేరు విని నలుగురు వస్తే రానివ్వండి.

ప్రశ్న: ఇది సమాచారం కోసం పెట్టిన శీర్షిక. ఇంట్లోవాళ్ళ ముచ్చట్లు ఎందుకు?
— పేరు రాయలేదు

జవాబు: మీ మాటే అమ్మ మాట కూడా. వచ్చే నెల నుంచి సరిచేసుకుంటాను.

ప్రశ్న: తెలుగులో మొదటి శాసనం మా ఊరికి దగ్గర్లోని కలమళ్ళలో ఉందని మా సారు తీసుకెళ్ళి చూపించారు. ఒక్క అక్షరమూ అర్థం కాలేదు. మీ అమ్మగారికి అర్థమైందా?
— ఏడో తరగతి విద్యార్థిని, ఎర్రగుంట్ల

జవాబు: మొదటిసారి అర్థం కాలేదు బంగారూ. మేము వెళ్ళిన రోజు అమ్మ పట్టుచీర కట్టుకుంది. నాయన చూసి, ఎవరి పెళ్ళి అన్నాడు. "పద్నాలుగు వందల ఏళ్ళ కిందటి తెలుగును చూడబోతున్నాను, నూలుచీర కట్టుకుని పొమ్మంటావా" అంది. క్రీ.శ. 575 ప్రాంతపు శాసనం అది. రేనాటిని ఏలిన ధనంజయుడనే చోళరాజు కాలంది. రేనాడంటే మీ ఊరూ, మా అమ్మ పుట్టిన ఊరూ, ఆ చుట్టుపక్కల నేలే. చెన్నకేశవుడి గుడి ఆవరణలో రాయి, దూరంగా థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. మిట్టమధ్యాహ్నం చేరుకున్నాం. ఎండ నేరుగా రాయి మీద పడుతోంది. గీతలు ఎక్కడున్నాయో కూడా కనిపించలేదు. పట్టుచీర చెమటకు తడిసిపోయింది. తిరిగి వచ్చేశాం.

తర్వాత శాసనాలు చదివే ఒక పెద్దాయనను అడిగి ఉపాయం తెలుసుకుంది. నువ్వూ చేసి చూడు. చెక్కిన గీత లోతు కనిపించాలంటే వెలుగు పక్కనుంచి, ఏటవాలుగా పడాలి. అప్పుడు ప్రతి గీతలోనూ సన్నని నీడ నిలుస్తుంది. పొద్దు వాలే వేళ వెళ్ళాలి, లేదా అద్దంతో ఎండను మళ్ళించి రాయి పక్కనుంచి పడేట్టు పట్టుకోవాలి. రెండోసారి అమ్మ ఇంట్లో బొట్టు పెట్టుకునే అద్దం తెచ్చింది. మా తమ్ముడు దాన్ని పట్టుకుని కూర్చున్నాడు, వాడి చెయ్యి కదిలినప్పుడల్లా అక్షరాలు మాయమవుతున్నాయి. అచ్చులో ఉన్న పాఠం పక్కన పెట్టుకుని అమ్మ వేలితో గాలిలోనే రాసుకుంటూ పోయింది. అవి ఇప్పటి మన అక్షరాల్లాంటివి కావు. తెలుగుకూ కన్నడానికీ ఇంకా లిపి విడిపోని కాలం. ఒకచోట ఆగిపోయి నన్ను పిలిచింది. 'రేనాణ్డు ఏళన్'. రేనాడు ఏలగా, అని అర్థం. "ఏళన్, ఏలగా, ఏలుతూ. వినిపిస్తోందా? మన మాటే" అంది. ఆమె గొంతు వణికింది. నాకు అప్పుడు పదహారేళ్ళు, ఆకలేస్తోంది, వినిపించిందని అబద్ధం చెప్పాను.

ఒక జాగ్రత్త. అక్షరాలు బాగా కనబడాలని కొందరు సున్నమో చాక్‌పీసో రుద్దుతారు. మీ స్నేహితులు ఎవరైనా అలా చేయబోతే ఆపు. రాయి అరుగుతుంది.

ప్రశ్న: మా అమ్మ కూడా పుస్తకాల మనిషి. వచ్చే నెల సంవత్సరీకం. ఆమె జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేయాలని అన్నదమ్ములం అనుకుంటున్నాం, ఏమి రాయాలో తోచడం లేదు. ఆమె పుస్తకాలు 300 దాకా ఉన్నాయి, అన్నీ కలిపి ఒక గ్రంథాలయానికి ఇచ్చేద్దామా?
— అనంతపురం నుంచి ఒకరు

జవాబు: ముందు పుస్తకాలు. ఒక్కటి కూడా విప్పకుండా ఇవ్వకండి. మా ఇంట్లో పదకొండో రోజునే మా చిన్నమామ, ఇల్లు ఇరుకు కదా అని, పాత పేపర్లు కొనే బండిని ఇంటి ముందుకు పిలిపించాడు. ఆయన మంచికే చేశాడు. నేను తలుపుకు అడ్డం నిలబడి ఆపాను. తర్వాత నెలన్నర కూర్చుని ప్రతి పుస్తకాన్నీ అట్ట పట్టుకుని దులిపాను. రాలిన టికెట్లు, చీటీలు 143. కొన్నింటి వెనక సామాన్ల లెక్కలు. ఒకదాని వెనక 'పాప ఫీజు కట్టాలి, కమ్మలు' అని ఉంది. ఏ కమ్మలో నాకు తెలుసు. అవి మళ్ళీ ఇంటికి రాలేదు.

ఇస్తే ఎవరికిస్తారన్నది రెండో మాట. అందరి దగ్గరా దొరికే పుస్తకాలు గ్రంథాలయానికి బరువు. ఊరి స్థలపురాణాలు, గుడి దగ్గర అమ్మే సన్న పుస్తకాలు, సంస్థల సావనీర్లు, మీ అమ్మగారి చేతిరాత ఉన్నవి, ఇవి ఎక్కడా దొరకవు. జాబితా రాసుకుని వెళ్ళి ఏవి లేవో అడగండి. మాకైతే కడప ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ గ్రంథాలయం ఉంది. సి.పి. బ్రౌన్ బంగళా శిథిలాలు మిగిలిన చోటనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి కట్టించింది. అమ్మకు అది రెండో పుట్టిల్లు. బ్రౌన్ అంటే ఎంత గౌరవమో, వేదిక మీద ఎవరైనా 'బ్రౌన్ ఒక్కడే తెలుగును బతికించాడు' అంటే అంత చిరాకు. పక్కనున్నవాళ్ళకు వినబడేట్టు, "జూలూరి అప్పయ్య ఎక్కడికి పోయాడు? అద్వైతబ్రహ్మయ్య ఎక్కడికి పోయాడు? తాటాకులు ముందేసుకుని కూర్చున్న రాయసగాళ్ళు ఎక్కడికి పోయారు?" అని గొణిగేది. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ తన జీతంలోంచి ఆ పండితులకు డబ్బిచ్చి వేమన పద్యాల దగ్గరినుంచి ప్రబంధాల దాకా ప్రతులు సరిచూపించాడు. డబ్బిచ్చినవాడిని మనం గుర్తుపెట్టుకున్నాం, కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను మరిచిపోయాం అని ఆమె ఫిర్యాదు. బ్రౌన్ కూడా ఆ పండితుల పేర్లు దాచలేదనీ, దాచింది మనమేననీ కూడా అనేది.

ఇక పుస్తకం. మేము పేపరులో వేసిన శ్రద్ధాంజలి ప్రకటనలో 'ఆదర్శ గృహిణి, మమతల మూర్తి' అని పడింది. నేను ఏడుస్తున్నప్పుడు ఎవరో రాసి ఇచ్చారు. తర్వాత చదివితే అది మా వీధిలో ఎవరి అమ్మకైనా సరిపోతుంది. ఆమె సంతకం పెట్టినట్టుగా ఉండే సంగతులు వెతకండి. దేనికి విసుక్కునేవారు, ఏ పుస్తకం సగంలో వదిలేశారు, ఏ రచయితను తిట్టుకుంటూనే పూర్తిగా చదివారు, పుస్తకం అప్పుగా తీసుకుని ఎవరు తిరిగి ఇవ్వలేదని జీవితాంతం చెప్పుకున్నారు. ఆమె తప్పులు కూడా వేయండి. గ్రంథాలయంలో పనిచేసినవాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే వెళ్ళి కలవండి. ఇంట్లోవాళ్ళకు తెలియని మనిషి వాళ్ళ దగ్గర ఉంటుంది. మా అమ్మ గ్రంథాలయంలో జోకులు వేసేదని నాకు ఆమె పోయాక తెలిసింది. ఇంట్లో వేసేది కాదు.

నెల రోజుల్లో తేలకపోతే సంవత్సరీకానికి వేయకండి. తిథికి భోజనాలు పెట్టండి, పుస్తకం నెమ్మదిగా రానివ్వండి.

ప్రశ్న: పుష్పగిరి చెన్నకేశవాలయం గోడల మీది శిల్పాల గురించి నిరుడు అడిగాను. 'అమ్మను అడిగి చెబుతాను' అన్నారు. ఏడాది దాటింది.
— ఒక పాఠకుడు, మైదుకూరు

జవాబు: అడిగానండీ. మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ "ఆగు" అంది. రామాయణ, భారత కథలు చెక్కారనీ, అర్జునుడు కిరాతుడితో పోరాడే ఘట్టం ఉందనీ పుస్తకాల్లో ఉంది, అదే రాసేస్తానంటే ఒప్పుకోలేదు. కడప నుంచి 16 కిలోమీటర్లు. జిల్లా అంతా తిరిగిన మనిషి పక్కనున్నదాన్ని చూడలేదంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఎందుకు ఆగమందో మొన్న పుస్తకాలు దులిపినప్పుడు తెలిసింది.

కైఫీయతుల సంపుటంలో పుష్పగిరి పేజీ దగ్గర ఒక పాత చీటీ. కడప నుంచి పుష్పగిరి, 0-00. కింద సన్నగా, 'ఈ గట్టు వరకే. పెన్నలో నీళ్ళు.' ఊరు ఇవతలి గట్టున, ఆ గుడి అవతలి గట్టున కొండమీద. ఇక్కడిదాకా వెళ్ళి, దాటలేక, ఆ గోడలను దూరంనుంచి చూసి వచ్చేసింది. ఆ 143 చీటీల్లో చిల్లు లేనిది ఇదొక్కటే. నాయన కొట్టనన్నాడో, అమ్మే అడగలేదో.

పోయిన ఆదివారం ఆ చీటీ పర్సులో పెట్టుకుని వెళ్ళాను. కార్తీకం కదా, స్నానాలకు వచ్చినవాళ్ళతో గట్టంతా కిటకిటలాడుతోంది. మొన్నటి వానలకు నదిలో నీళ్ళు బాగా ఉన్నాయి. ఒకాయనను అడిగితే, నడిచి దాటాలంటే సంక్రాంతి తర్వాత రమ్మన్నాడు. కాసేపు మెట్ల మీద కూర్చుని, అవతల కనిపించే గోపురం చూసి, చీకటి పడకముందే బస్సెక్కాను. నా టికెట్టు అమ్మ చీటీ పక్కనే పెట్టాను. దాని వెనక కూడా అదే రాయాల్సి వచ్చింది.

మీ ప్రశ్న సంక్రాంతి దాకా ఉండనివ్వండి.